పాపని హర్డిల్స్‌లో వేయమంటున్నారు… జ్యోతి యర్రాజి దారి మన పిల్లలకి పనికొస్తుందా?

అరండల్‌పేట_నాన్న
మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ గేమ్స్‌లో వంద మీటర్లు బాగా పరిగెడుతుంది, మనిషి కూడా పొడుగు. ఈ మధ్య వాళ్ల పీఈటీ మాష్టారు పిలిచి, "వందలో పోటీ ఎక్కువండీ, హర్డిల్స్‌లోకి మార్చండి, మన వైజాగ్ హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజిని కూడా ఇలా పొడుగు చూసే మొదలుపెట్టించారు" అన్నారు. ఇంట్లో చెబితే మా బావమరిది పకపకా నవ్వాడు. ఒలింపిక్స్‌లో సెమీస్‌కి కూడా వెళ్లని మనిషిని చూపించి పిల్ల చదువు పాడుచేస్తారా అంటాడు. వంద మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో పరిగెత్తిన అమ్మాయి పారిస్ ఒలింపిక్స్‌లో 13.16 పరిగెత్తిందంటే పెద్ద పోటీలో బెదిరిపోయినట్టేగా అని వాడి వాదన. నాకు ఈ అంకెల గోల పెద్దగా తెలియదు. పేపర్లో పడ్డ మెడల్స్ లిస్టు నేనూ చూశాను, అది కాదు. ఆమె కెరీర్‌ని అసలు ఎలా చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పంటకాలవ_పవన్
ముందు మీ బావమరిదిని వంద మీటర్లు పరిగెత్తమనండి. హర్డిల్స్ అక్కర్లేదు, మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు చాలు.

లేన్_నాలుగు
ఆయన చెప్పిన అంకెలు కరెక్టే, వాటి నుంచి తీసిన అర్థమే కుదరలేదు. 12.78 మొదట వచ్చింది 2023 ఆగస్టులో, చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో. కాంస్యం, జాతీయ రికార్డు. మళ్లీ 2024 మేలో ఫిన్లాండ్‌లో సరిగ్గా అదే 12.78. పారిస్‌కి నేరుగా టికెట్ దొరకాలంటే కావలసింది 12.77. సెకనులో వందో వంతు! చివరికి ప్రపంచ ర్యాంకింగ్ లెక్కలో చోటు వచ్చింది. ఒలింపిక్స్ వంద మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన మొదటి భారత మహిళ ఆమే.

అక్కడ హీట్‌లో 13.16, మర్నాడు రెపిచేజ్‌లో, అంటే హీట్‌లో వెనకబడ్డవాళ్లకి ఇచ్చే రెండో అవకాశంలో, 13.17. బాగా పరిగెత్తలేదు, అందులో సందేహం లేదు. కానీ బెదిరిపోయిన మనిషి రెండు రోజులు ఒకే టైమ్ తేలేదు. ఒకరోజు స్టార్ట్ పోతుంది, ఇంకోరోజు హర్డిల్ తగులుతుంది, టైమ్ ఎటో పోతుంది. రెండుసార్లూ అదే వచ్చిందంటే ఆ వారం ఒంట్లో ఉన్నది అంతే అని నా లెక్క. నేను కాలేజీ రోజుల్లో గుంటూరు తరఫున హర్డిల్స్ పరిగెత్తినదాన్ని, ఆ సంగతి తెలిసే చెబుతున్నాను.

కృష్ణలంక_కుర్రోడు
లేన్_నాలుగు అక్కా, అభిమానం వేరు, ఫలితం వేరు. పారిస్‌లో గోల్డ్ 12.33. ప్రపంచ రికార్డు 12.12. మన బెస్ట్ 12.78. ఇంత తేడా పెట్టుకుని చాంపియన్ అనడం ఎందుకు? ఆసియా వరకు చాంపియన్ అనండి, ఒప్పుకుంటా.

అంకెలగోల
ఆసియా "వరకు" అన్నావు కాబట్టి ఆ ఆసియా సంగతే చూద్దాం.

2023 బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్స్, హర్డిల్స్‌లో స్వర్ణం, 13.09. అదే మీట్‌లో 200 మీటర్ల ఫ్లాట్‌లో (హర్డిల్స్ లేని మామూలు పరుగు) రజతం, 23.13. 2024 టెహ్రాన్ ఆసియా ఇండోర్, 60 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం, 8.12. 2025 మేలో కొరియాలోని గుమిలో మళ్లీ ఆసియా స్వర్ణం, 12.96, అది చాంపియన్‌షిప్ రికార్డు. మధ్యలో హాంగ్‌జౌ ఆసియా క్రీడల రజతం, దాని కథ వేరే చెప్పుకోవాలి.

ఇక నువ్వు మర్చిపోయిన ముక్క ఇంకోటుంది. 2022 గాంధీనగర్ నేషనల్ గేమ్స్‌లో ఆమె హర్డిల్స్‌తోపాటు ఫ్లాట్ వంద మీటర్లు కూడా గెలిచింది. ఆ ఫైనల్లో ద్యుతీ చంద్, హిమా దాస్ ఇద్దరూ ఉన్నారు. స్ప్రింట్ రాక హర్డిల్స్‌లోకి వచ్చిందనేవాళ్లు ఆ రేస్ వీడియో ఒకసారి చూడాలి.

మంగళగిరి_మామ
హర్డిల్స్ పిల్ల వచ్చి అసలు స్ప్రింటర్లని ఓడించి పోయిందా? పక్కవీధి వాడు వచ్చి మన వీధి క్యారమ్స్ కప్పు పట్టుకుపోయాడన్నమాట.

అరండల్‌పేట_నాన్న
@అంకెలగోల ఇది నాకు తెలియదండీ. మా మాష్టారు చెప్పినదాన్ని "వందలో నిలబడలేదు కాబట్టి హర్డిల్స్" అన్నట్టు నేను అర్థం చేసుకున్నాను. పాప కూడా అందుకే చిన్నబుచ్చుకుంది.

పీఈటీ_పాతకాపు
నేను ముప్పై ఏళ్ల పైగా గ్రౌండ్‌లో విజిల్ ఊదిన మనిషిని. మీ మాష్టారు చూసింది సరైనదే, చెప్పిన తీరే బాగోలేదు. హర్డిల్స్‌కి పంపేది నెమ్మది పిల్లల్ని కాదు. ముందు స్పీడ్ ఉండాలి, ఆపైన కాళ్ల పొడుగు, ఆపైన మొండితనం. జ్యోతిని వైజాగ్‌లో పోర్ట్ హైస్కూల్లో ఉండగా పీఈటీ ఒకాయన గుర్తించాడు, మనిషి పొడుగు చూసి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆస్పత్రిలోనూ పనిచేసేది. ఆ ఇంట్లో స్పైక్స్ కొనడం అంటే ఎంత మాటో ఆలోచించండి.

ఇక పని ఎలా ఉంటుందంటే, ఆడపిల్లల వందలో పది హర్డిల్స్. స్టార్ట్ నుంచి మొదటిదానికి 13 మీటర్లు, ఒక్కోదానికీ మధ్య 8.5 మీటర్లు, చివరిది దాటాక 10.5 మీటర్లు. మొదటిదాకా సాధారణంగా ఎనిమిది అడుగులు, మధ్యలో మూడంటే మూడే. నాలుగో అడుగు పడిందా, ఎత్తే కాలు మారిపోతుంది, రేస్ అయిపోయినట్టే. సీనియర్లకి ఎత్తు 83.8 సెంటీమీటర్లు. కొత్త పిల్లలు దాన్ని కాలవ దాటినట్టు గెంతుతారు. గడప దాటినట్టు దాటాలి, తల ఎత్తు మారకూడదు. ఇది ఒంటికి ఎక్కడానికే రెండు మూడేళ్లు పడుతుంది.

లేన్_నాలుగు
మాష్టారు చెప్పనిది నేను చెబుతా. దెబ్బలు. వెనక వచ్చే కాలు పక్కకి తిప్పి లాగుతాం కదా, ఆ మోకాలి లోపలివైపు, చీలమండ ఎముక, ఈ రెండూ చెక్కకి తగిలి తగిలి ఎప్పుడూ నీలంగా ఉండేవి. మా అమ్మ పసుపు పెట్టి, "పెళ్లిచూపుల్లో కాళ్లు చూపించకు" అనేది. మా స్కూల్లో అసలు హర్డిల్స్ ఉండేవి కాదు. ఇటుకల మీద వెదురు కర్ర పెట్టేవాళ్లు. తగిలితే పడిపోతుంది కాబట్టి భయం ఉండేది కాదు. తర్వాత జిల్లా మీట్‌లో ఇనప ఫ్రేమ్ ఉన్న అసలు హర్డిల్ చూసి కాళ్లు వణికాయి. మీ పాపకి కూడా ముందు కర్రతోనే మొదలుపెట్టించమనండి.

కృష్ణలంక_కుర్రోడు
సరే, ఫ్లాట్ వంద సంగతి ఒప్పుకుంటున్నా. కానీ రికార్డులు రికార్డులు అని ఊదరగొట్టడం ఎందుకు? 2022లో నెలకో రికార్డు అని పేపర్లో వేశారు. ఒక్కోటీ వందో వంతు, పదో వంతు తేడా.

అంకెలగోల
నెలకోటి కాదు తమ్ముడూ, ఒకే నెలలో మూడు. మే 2022లో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23, తర్వాత ఇంగ్లండ్‌లో లఫ్‌బరోలో 13.11, ఆ వారంలోనే నెదర్లాండ్స్‌లోని వుఖ్త్‌లో 13.04. అంతకుముందున్న రికార్డు అనురాధా బిస్వాల్‌ది, 13.38, 2002 నాటిది. ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోలేదు. అదే ఏడాది అక్టోబర్లో బెంగళూరులో 12.82. పదమూడు సెకన్ల లోపు వచ్చిన మొదటి భారత మహిళ. ఇరవై ఏళ్లు కదలని అంకెని ఒక్క సీజన్లో అర సెకను పైగా కిందికి దించింది. పేపర్లవాళ్లు ఊదరగొట్టకపోతే తప్పు.

ఇంతకీ నాకు కడుపు మండే సంగతి ఇది కాదు. ఆ రికార్డు 2020లోనే పడిపోయింది, కానీ పుస్తకంలోకి ఎక్కలేదు.

తెనాలి_తేజ
మూడబిద్రి సంగతేగా? మా ఏఎన్‌యూలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె పరిగెత్తింది మన నాగార్జున యూనివర్సిటీ తరఫునే.

అంకెలగోల
అదే. 2020 జనవరి, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్, మూడబిద్రి. 13.03. అప్పటి రికార్డు 13.38. ఎంత తేడాయో చూడండి. అయినా లెక్కలోకి తీసుకోలేదు. మీట్‌లో నాడా (డోపింగ్ నిరోధక జాతీయ సంస్థ) వాళ్ల డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి లేడు. అమ్మాయి తప్పు ఇందులో ఆవగింజంత లేదు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో మళ్లీ. 13.09 వచ్చింది. ఈసారి గాలి. వెనక నుంచి వీచే గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటకూడదు. ఆరోజు మీటర్ చూపించింది 2.1.

మంగళగిరి_మామ
2.1 కి 2.0 కి తేడా ఎవడికి తెలుస్తుందయ్యా! మా ఇంట్లో ఫ్యాన్ రెండులో పెట్టినా మూడులో పెట్టినా ఒకటే.

పీఈటీ_పాతకాపు
మామా, ఆ మీటర్‌కీ పద్ధతి ఉంది. ఫినిష్ లైన్‌కి 50 మీటర్ల ఇవతల, ట్రాక్ పక్కనే, నేలకి 1.22 మీటర్ల ఎత్తులో పెడతారు. వంద ఫ్లాట్‌కి గన్ పేలిన దగ్గర్నుంచి పది సెకన్లు చదువుతుంది. హర్డిల్స్‌కి పదమూడు సెకన్లు. ఆ సగటే లెక్క. ఒక చెట్టుకొమ్మ ఊగినా ఊగకపోయినా వాళ్లకి అనవసరం. రూల్ ఉంది కాబట్టి 2.1 పోయింది, దానికి నేనేమీ అనను. మూడబిద్రిది మాత్రం మన నిర్వాకం. పిల్ల రికార్డు పరిగెడుతుందని ఎవరూ అనుకోలేదు, అందుకే ఎవరూ రాలేదు.

కృష్ణలంక_కుర్రోడు
ఇది విన్నాక నాకూ కోపం వస్తోంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఇన్ని కష్టాలు చూసి ఆ నాన్నగారు పాపని పంపాలా వద్దా?

పటమట_ఫిజియో
హర్డిల్స్ అనగానే అందరూ మెడల్స్, రికార్డులు అంటున్నారు. మోకాలి గురించి ఒక్కరూ మాట్లాడరేం? 2025లో జ్యోతికి ఏసీఎల్ గాయమై, సర్జరీ చేయించుకుని, టోక్యో ప్రపంచ పోటీలకి దూరమైంది. ఆసియా స్వర్ణం గెలిచిన కొద్ది వారాలకే ఇది. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే లిగమెంట్. సర్జరీ తర్వాత మళ్లీ పూర్తి వేగంతో పరిగెత్తడానికి సాధారణంగా తొమ్మిది నెలలు, కొందరికి ఏడాది. ఆడపిల్లల్లో ఈ గాయం మగపిల్లల కంటే ఎక్కువ, ముఖ్యంగా ఎదిగే వయసులో.

పంపొద్దు అనడం లేదు. తొడ వెనక కండరాలు, తుంటి కండరాలు బలపడకుండా హర్డిల్ ఎక్కించకండి. ఒంటికాలి మీద గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వంగుతోందా, తిన్నగా ఉందా, అది చూడమనండి మాష్టారిని. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ ఒక్క పరీక్షా ఎవరూ చేసి ఉండరు. పైగా సిమెంటు ప్రాంగణంలో ప్రాక్టీస్ చేయిస్తారు. ఒక స్కూల్ నుంచి వరసగా పిల్లలు షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక) నొప్పితో వస్తుంటే వెళ్లి చూశాను. ప్రార్థన జరిగే గచ్చు మీద పరిగెత్తిస్తున్నారు.

అరండల్‌పేట_నాన్న
మా వాళ్లది మట్టి గ్రౌండే, అదొక్కటి నయం. వర్షం పడితే మాత్రం వరి నాటొచ్చు.

నేనే_ఆ_బావమరిదిని
బావగారు నా గురించి ఇక్కడ ఏకంగా ఫిర్యాదు పెట్టారని ఇప్పుడే తెలిసింది. నేను నవ్విన మాట నిజం. కానీ పవన్ గారూ, నేను కూడా స్కూల్లో కబడ్డీ ఆడినవాణ్ణే, స్పీడ్ బ్రేకర్లు దాటగలను. నా బాధ వేరు. ఒక్క జ్యోతి పేరు చెబుతారు. ఆమెతోపాటు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎంతమంది? వాళ్లకి చదువూ పోయింది, ఆటా పోయింది. టెన్త్, ఇంటర్ ఈ రెండు మూడేళ్లే కదా మనవాళ్లకి జీవితం మొత్తం. గుంటూరులో ఉంటూ ఆ మాట నేను వేరే చెప్పాలా?

పంటకాలవ_పవన్
వచ్చాడండీ అసలు హీరో.

లేన్_నాలుగు
బావమరిది గారూ, మీరడిగింది మంచి ప్రశ్న, వెటకారం లేకుండా జవాబు చెబుతాను. ఆగిపోయినవాళ్లలో నేనొకదాన్ని. సౌత్ జోన్ దాకా వెళ్లాను, ఆ పైన నా వల్ల కాలేదు. తొడ వెనక కండరం పట్టేసి ఒక సీజన్ మొత్తం పోయింది. కానీ స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు విజయవాడలో పనిచేస్తున్నాను. మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు పోలీస్‌లో, ఒకమ్మాయి పీఈటీగా స్థిరపడ్డారు. ఏమీ రానివాళ్లూ ఉన్నారు, అది దాచను. ఒకమ్మాయి ఇంటర్ మధ్యలో మానేసి హాస్టల్‌కి వెళ్లింది, అక్కడ కోచ్ మారిపోయాడు, తిరిగొచ్చింది, చదువు మళ్లీ అందుకోలేకపోయింది. కాబట్టి తొమ్మిదో తరగతిలో ఇల్లు వదిలి పంపేయమని నేను ఎప్పటికీ అనను.

జ్యోతి కూడా ఒక్కసారిగా భువనేశ్వర్ ఎగిరిపోలేదు. ముందు వైజాగ్ స్కూల్, జిల్లాల మీట్, తర్వాత హైదరాబాద్ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ) సెంటర్లో కోచ్ ఎన్.రమేష్ గారి దగ్గర, ఆ తర్వాతే భువనేశ్వర్, అక్కడ కోచ్ జేమ్స్ హిలియర్ చేతిలో పడ్డాక ఈ టైమ్‌లు. ఒక్కో మెట్టు దగ్గరా ఎవరో ఒకరు పట్టుకున్నారు.

నేనే_ఆ_బావమరిదిని
పట్టుకున్నారు, సరే. పట్టుకోకపోతే?

లేన్_నాలుగు
పట్టుకోకపోతే చదువుకుంటుంది. పొద్దున్న గంటన్నర గ్రౌండ్‌లో ఉన్న పిల్ల సాయంత్రం పుస్తకం పట్టుకోలేదని ఎవరన్నారు? మా ఇంట్లో టీవీ ముందు కూర్చునే పిల్లాడి కన్నా నయమే.

తెనాలి_తేజ
రమేష్ గారి పేరు వచ్చింది కాబట్టి, మన తెలుగు పిల్ల జీవాంజి దీప్తి కూడా ఆయన శిష్యురాలే. వరంగల్ దగ్గర కల్లెడ. పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) కాంస్యం, 55.82. అదే ఏడాది కోబేలో ప్రపంచ పారా పోటీల్లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం, 55.07. ఇంకా మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 4×400 రిలే జట్టుతో పారిస్ వెళ్లింది. ఒక్క జ్యోతి పేరే చెబుతారు అన్నారు కదా, ఇదిగో ఇంకో రెండు పేర్లు.

పంటకాలవ_పవన్
ద్యుతీ చంద్ కూడా రమేష్ గారి దగ్గర హైదరాబాద్‌లోనే పరిగెత్తింది. 100 మీటర్లలో 11.17, జాతీయ రికార్డు.

పటమట_ఫిజియో
ఆ పేరు తెచ్చారు కాబట్టి ఇంకో సగం కూడా చెప్పాలి. 2023లో నిషిద్ధ పదార్థం దొరికి ఆమెకి నాలుగేళ్ల నిషేధం పడింది. జిమ్‌ల దగ్గర డబ్బాల్లో అమ్మే పొడులు పిల్లలకి ఇవ్వకండి, ఎవరు చెప్పినా సరే. గుడ్డు, పప్పు, పాలు, నిద్ర. ఇంతే.

పీఈటీ_పాతకాపు
పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పే కథ పి.టి.ఉషది. 1984 లాస్ ఏంజిలిస్, 400 మీటర్ల హర్డిల్స్. ఆడవాళ్లకి ఆ ఈవెంట్ ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. ఉష 55.42. కాంస్యం గెలిచిన రొమేనియా అమ్మాయి 55.41. ఇక్కడ కూడా వందో వంతే! గీత దగ్గర ఛాతీ వంచి ఉంటే అని ఇప్పటికీ అంటారు. ఆ మర్నాటి ఏడాది జకార్తా ఆసియా మీట్‌లో అయిదు స్వర్ణాలు, ఒక కాంస్యం. 1986 సియోల్‌లో నాలుగు స్వర్ణాలు, ఒక రజతం. బావమరిది గారి లెక్కలో అయితే 1984లో మెడల్ రాలేదు కాబట్టి ఇంటికి తీసుకొచ్చేయాలి. ఆ 55.42ని 2023లో హాంగ్‌జౌలో విద్యా రామరాజ్ సమం చేసింది. అంతకాలం నిలబడింది ఆ అంకె.

నేనే_ఆ_బావమరిదిని
మాష్టారూ, ఉషని నేనేమీ అనలేదు, నన్ను ఊళ్లో తిరగనివ్వండి.

అరండల్‌పేట_నాన్న
హాంగ్‌జౌ అనగానే గుర్తొచ్చింది. అంకెలగోల గారూ, "దాని కథ వేరే చెప్పుకోవాలి" అని వదిలేశారు. ఏం జరిగింది? పాప పక్కనే కూర్చుని చదువుతోంది, చెప్పకపోతే నన్ను వదలదు.

అంకెలగోల
పాప కోసమైతే మొత్తం చెబుతా.

2023 అక్టోబర్ 1, ఆసియా క్రీడల ఫైనల్. చైనాలో, చైనా జనం ముందు. జ్యోతి పక్క లేన్‌లో చైనా అమ్మాయి వు యన్నీ. గన్ పేలకముందే వు కదిలిపోయింది. ఆ కదలిక చూసి జ్యోతీ లేచింది. 2010 నుంచి రూల్ ఒక్కటే, ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి. అధికారులు వచ్చి ఇద్దరికీ కార్డు చూపించారు. మామూలుగా అయితే అమ్మాయి ఏడ్చుకుంటూ వెళ్లిపోవాలి. ఈమె వెళ్లలేదు. అక్కడే నిలబడి, నేను ముందు కదలలేదు, మళ్లీ చూడండి అని వాదించింది. స్క్రీన్ దగ్గరికి వెళ్లి చూశారు, చాలాసేపు నడిచింది. చివరికి ఇద్దరినీ నిరసన కింద, అంటే తీర్పు తర్వాత చెబుతామని, పరిగెత్తనిచ్చారు.

రేస్ అయ్యాక మొదట ఇంకో చైనా అమ్మాయి లిన్ యువై 12.74, రెండు వు యన్నీ, మూడు జ్యోతి 12.91. తర్వాత వు ని డిస్‌క్వాలిఫై చేశారు, కాంస్యం రజతం అయింది.

ఇందులో నాకు నచ్చింది మెడల్ మారడం కాదు. అంత గొడవ తర్వాత, గుండె దడదడలాడుతుంటే, మళ్లీ బ్లాక్స్‌లో కూర్చుని 12.91 పరిగెత్తింది. పెద్ద పోటీలో బెదిరిపోయే మనిషి అని ఇప్పుడు అనమనండి.

కృష్ణలంక_కుర్రోడు
ఆ మాట అన్నది బావమరిది గారు, నేను కాదు. రికార్డు కోసం చెబుతున్నా.

నేనే_ఆ_బావమరిదిని
నన్ను అడ్డం పెట్టుకుని అందరూ బాగానే పరిగెడుతున్నారు. హాంగ్‌జౌ వేరు, పారిస్ వేరు, ఆ మాట మీద నేను నిలబడే ఉన్నా. అయితే ఆ వాదించిన పద్ధతి బాగుంది. మా పాప అయితే కార్డు చూసి అక్కడే ఏడ్చేసేది.

లేన్_నాలుగు
అందుకే రూల్స్ నేర్పించాలి. స్టార్టింగ్ బ్లాక్‌లో సెన్సర్ ఉంటుంది, గన్ తర్వాత 0.100 సెకను కన్నా ముందు నొక్కుడు మారితే ఫాల్స్ స్టార్ట్. ఆ రూల్ తెలియకపోతే ఏం వాదిస్తుంది? మన జిల్లా మీట్‌లలో అదేమీ ఉండదు, ఒకాయన క్లాపర్ కొడతాడు, ఇంకొకాయన కంటితో చూస్తాడు. ఒక మీట్‌లో నన్ను కదిలావు అని బయటికి పంపారు, పక్క లేన్ అమ్మాయి కదిలింది. వాదించడానికి నోరు రాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు నా ఫ్రెండే, ఏటా రాఖీకి మా తమ్ముడి దగ్గరికి వస్తుంది, ఆ సంగతి మాత్రం ఒప్పుకోదు.

పంటకాలవ_పవన్
ఆవిడ ఈ థ్రెడ్ చదువుతుంటే గనక… అక్కా, పారిపో.

తెనాలి_తేజ
గుమి సంగతి ఎవరూ చెప్పలేదు. 2025 ఆసియా మీట్ ఫైనల్ రోజు వర్షం, రేస్ ఆలస్యమైంది. గ్యాలరీలు ఖాళీ. ఆ తడి ట్రాక్ మీద 12.96. పోడియం మీద జాతీయగీతం వస్తుంటే ఏడ్చింది, చూడ్డానికి జనం లేరు. ఆ వీడియో మాత్రం అందరి ఫోన్లలో తిరిగింది.

మంగళగిరి_మామ
క్రికెట్ మ్యాచ్ అయితే వర్షంలో గొడుగులు వేసుకుని కూర్చుంటాం. మన సంగతి మనకి తెలియదా.

పీఈటీ_పాతకాపు
సరే, పాప దగ్గరికి రండి. అండర్-16లో ఆడపిల్లలకి పరిగెత్తాల్సింది వంద కాదు, 80 మీటర్ల హర్డిల్స్. ఎత్తు 76.2 సెంటీమీటర్లు, మధ్య దూరం 8 మీటర్లు. అండర్-18లో వంద మీటర్లు, ఎత్తు మాత్రం అంతే. 83.8 వచ్చేది ఆ తర్వాతే. కాబట్టి ఇప్పుడే భయపడక్కర్లేదు. ఈ ఏడాదంతా ఫ్లాట్ స్ప్రింట్ ఆపొద్దు. వారానికి రెండు రోజులు హర్డిల్ డ్రిల్స్, నడుస్తూ దాటడం, పక్కనుంచి వెనక కాలు మాత్రమే దాటించడం, అంతే. మే నెలలో తొమ్మిది తర్వాత గ్రౌండ్‌లో ఉంచితే నేనొచ్చి మాష్టారిని తిడతాను. మన ఎండ సంగతి తెలిసిందే, అయిదున్నరకి మొదలుపెట్టి ఏడుకల్లా ఇంట్లో ఉండాలి.

అరండల్‌పేట_నాన్న
పాప రెండు ప్రశ్నలు అడగమంటోంది. ఒకటి, మధ్యలో మూడు అడుగులు పడకపోతే ఏం చేయాలి, తనకి అయిదు పడుతున్నాయట. రెండు, స్పైక్స్ ఇప్పుడే కొనాలా? ఖరీదు చూసి మా ఆవిడ చూపు మారింది.

లేన్_నాలుగు
అయిదు పడినా ఫర్వాలేదని చెప్పండి. ముందు హర్డిల్స్‌ని దగ్గరికి జరిపించమనండి, ఆరున్నర మీటర్లకి పెట్టి మూడు అడుగులు అలవాటు చేయించి, వారం వారం కొంచెం కొంచెం వెనక్కి జరపాలి. అయిదుతో అలవాటైతే తర్వాత మార్చడం నరకం. నాలుగు మాత్రం వద్దు, ఇంకో కాలితో దాటడం రానంతవరకు.

స్పైక్స్‌కి తొందర లేదు. మట్టి గ్రౌండ్‌లో మామూలు రన్నింగ్ షూస్ చాలు. సింథటిక్ ట్రాక్ మీద పోటీ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. అక్కడ మేకు పొడవు 9 మిల్లీమీటర్లు దాటకూడదు, కొనేటప్పుడు అది చూడండి. మట్టి మీద వాడే పొడుగు మేకులతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

నేనే_ఆ_బావమరిదిని
సైజు ఎంతో చెప్పండి బావగారూ. ఖరీదు సంగతి అక్కతో నేను మాట్లాడతా. టెన్త్‌లో మార్కులు తగ్గితే మాత్రం ఈ థ్రెడ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి ఇంటికీ వస్తాను.

పంటకాలవ_పవన్
రండి, మధ్యలో స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి.

అరండల్‌పేట_నాన్న
అయిదో నంబరు. ఆరు నెలల్లో ఆరు అవుతుంది, వాళ్ల అమ్మ పోలిక.

లేన్_నాలుగు
అయితే అసలు కొనకండి. మా అక్క కూతురివి అయిదో నంబరు స్పైక్స్ ఉన్నాయి, ఒక్క సీజనే వాడింది, ఇప్పుడు షాట్‌పుట్‌లోకి వెళ్లిపోయింది. మేకులు మార్చుకుంటే సరిపోతుంది, వాటిని తిప్పే తాళం కూడా ఉంది. వచ్చే ఆదివారం పొద్దున గుంటూరు బి.ఆర్. స్టేడియానికి పిల్లల్ని తీసుకొస్తున్నాను. పాపని కూడా తీసుకురండి, కాలికి వేసి చూసి, ఒంటికాలి పరీక్ష కూడా అక్కడే చేద్దాం. ఫిజియో గారూ, మీరు వస్తారా?

పటమట_ఫిజియో
ఆరున్నరకల్లా ఉంటాను. పాపకి ఇడ్లీ ముందే పెట్టకండి, పరిగెత్తాక పెట్టండి.